బేస్తారం ఇంగ్లీషు

పిల్లలను ఏ బడిలో వేయాలన్న మాట విద్యావతి ఇంట్లో రెండేళ్లుగా నానుతూనే ఉంది. కొడుకు ప్రహ్లాద్‌కు ఏడేళ్లు నిండాయి, కూతురు అహల్యకు ఐదు దాటాయి. ఇద్దరూ నాంపల్లి స్టేషను వెనక సందులో పొద్దంతా రైలింజన్ల మాదిరి కూతలు పెడుతూ తిరుగుతున్నారే తప్ప పలక ముట్టింది లేదు. దీనికి కారణం లేమి కాదు, బద్ధకమూ కాదు. వాళ్ల నాన్న సదాశివ ఆలోచిస్తున్నాడు, అంతే.

సదాశివ గన్‌ఫౌండ్రీలో ఒక బీమా కంపెనీలో గుమాస్తా. ఆ కొలువు వల్ల భయం వచ్చిందో, భయం వల్ల ఆ కొలువు దొరికిందో గానీ, ఏ పని మొదలుపెట్టినా అది ఎట్లా చెడిపోతుందో అతనికి ముందే కనిపిస్తుంది. పైగా చదువు విషయంలో ఒకసారి గట్టి దెబ్బ తిన్నాడు. అతను చదివిందంతా ఉర్దూలో. లెక్కలు ఉర్దూ, భూగోళం ఉర్దూ, ఆవు మీద వ్యాసం కూడా ఉర్దూలోనే రాశాడు. పోలీసు యాక్షన్ అయిన కొన్నాళ్లకు ఆఫీసులో ఉత్తరాలన్నీ ఇంగ్లీషులో రాయాలన్నారు. ముప్పై దాటిన వయసులో డిక్షనరీ చంకలో పెట్టుకుని మళ్లీ ఏబీసీడీలు మొదలుపెట్టాడు. ‘మీ విధేయుడు’ అనడానికి ఇంగ్లీషు మాట తెలుసు కానీ స్పెల్లింగు నిలకడగా ఉండేది కాదు. అతని విధేయత ఒక్కో ఉత్తరంలో ఒక్కో రకంగా ఉండేది.

అందుకే పిల్లల దగ్గరికి వచ్చేసరికి అతను తొందరపడదలచుకోలేదు. అది యాభై నాలుగో సంవత్సరం. హైదరాబాదు రాష్ట్రాన్ని భాషల వారీగా విడగొడతారని ఊరంతా ఒకటే మాట. సాయంత్రం అబిడ్స్‌లో ఇరానీ హోటల్లో చాయ్ తాగేటప్పుడు, ఇకమీదట అంతా తెలుగేనని ఒకాయన బల్ల గుద్దేవాడు. హిందీ రానివాడికి నౌకరీ లేదని రెండో ఆయన బెదిరించేవాడు. ఇంగ్లీషువాడు పోయాడు గానీ ఇంగ్లీషు పోదని మూడో ఆయన. నాలుగో ఆయన సమోసా తింటూ ఉర్దూలో నిట్టూర్చేవాడు. సదాశివ నలుగురి మాటా నమ్మి ఇంటికి వచ్చేవాడు.

జూన్‌లో బడులు తెరిచే ముందు ఒక ఆదివారం అతను వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. విద్యావతి రోట్లో చింతకాయ తొక్కు దంచుతోంది.

“ఇగో, నేనొకటి నిశ్చయం చేసిన,” అన్నాడు.

“ఏ బడి?” అంది ఆమె దంచడం ఆపకుండా.

“ఏ బడి కాదు. బడిల పిల్లలు ఎక్కువ, మనోళ్లను చూసేటోళ్లు ఉండరు. ఇంట్లనే చెప్త. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, నాలుగూ చెప్త. రేపు ఏది గెలిచినా మన పిల్లలకు ఫికర్ ఉండొద్దు.”

“మీరు పొద్దుగాల పోయి దీపాలు పెట్టే యాళ్లకు వస్తరు గద. ఎప్పుడు చెప్తరు?”

“పొద్దున నేను చెప్త. నేను దఫ్తర్ పోయినంక నువ్వు జర చూసుకుంటవు.”

అప్పుడు ఆగింది రోకలి.

విద్యావతి ఆడపిల్లల బడిలో ఐదు తరగతులు చదివింది. బడి అంటే ఆమెకు ఇష్టమే. అయినా వెంటనే కాదనలేకపోయింది. దగ్గర్లోని బడికి పోవాలన్నా అబిడ్స్ రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద మోటార్లు, డబుల్ డెక్కర్ బస్సులు, వాటికి అడ్డంగా వచ్చే టాంగాలు. అహల్య ఇంకా మధ్యాహ్నం పడుకునే పిల్ల, అదీ తల్లి కొంగు నోట్లో పెట్టుకుని. దాన్ని ఆ రోడ్డు దాటించి ఎవరి చేతిలోనో పెట్టి రావడం తలచుకుంటేనే ఆమెకు భయం వేసేది.

“దసరా దాక చూద్దాం,” అంది చివరికి. “గప్పటికి కుదరకపోతే బడిలేసుడే. మల్ల ఆలోచిస్త అనొద్దు.”

“ఔ, గట్లనే,” అన్నాడు సదాశివ, అప్పుడే గెలిచినట్టు మొహం పెట్టి.

బడికి గంట ఉండాలని అతని పట్టుదల. ఇంట్లో ఉన్న గంట దేవుడి గంట ఒక్కటే. దాన్ని తెచ్చి వరండాలో గణగణ వాయించాడు. పిల్లలు కదలలేదు గానీ, లోపలి నుంచి అతని తల్లి శంకరమ్మ కళ్లు మూసుకుని, చేతులు జోడించుకుని పరుగున వచ్చింది. కళ్లు తెరిస్తే ఎదురుగా హారతి లేదు, కొడుకు ఉన్నాడు.

“ఏందిరా ఇది?”

“బడి, అమ్మా.”

“దేవుని గంట కొట్టి నన్ను పిలిచినవు. ఒచ్చినంక పొమ్మంటవా?” అని ఆమె మొదటి వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంటి బడిలో మొదట చేరిన విద్యార్థి ఆవిడే.

బడికో పద్ధతి ఏర్పడింది. సోమవారం తెలుగు, మంగళవారం ఉర్దూ, బుధవారం హిందీ, బేస్తారం ఇంగ్లీషు. మిగిలిన రెండు రోజులు లెక్కలు. ఏ వారం ఏ భాషో ఆ రోజు ఇంట్లో ఆ భాష తప్ప ఇంకోటి మాట్లాడకూడదని సదాశివ శాసనం.

సోమవారాలు బాగానే గడిచాయి. మంగళవారం అందరికంటే శంకరమ్మ ముందుండేది. గాజులవాళ్లతో, గోట అంచులు అమ్మేవాళ్లతో నలభై ఏళ్లు బేరమాడిన ఉర్దూ ఆవిడది. ఆవిడ మాట్లాడుతుంటే పిల్లలకు మాటలతో పాటు తిట్లు కూడా వచ్చేశాయి. బుధవారంతోనే చిక్కు. సదాశివకు హిందీ రాదు. మంగళవారం మాటలకే చివర ‘జీ’ తగిలించి గంభీరంగా నడిపించాడు. కొన్నాళ్లకు అహల్య గోడ మీది కాకిని చూసి “కౌవాజీ, పొండి జీ” అనడం మొదలుపెట్టింది.

ఇక బేస్తారం ఇల్లంతా నిశ్శబ్దం. ఎవరికీ మాటలు చాలేవి కావు. సదాశివకు తొక్కు కావాలంటే దానికి ఇంగ్లీషు తెలియక ఉత్త పప్పుతో తిని లేచేవాడు. విద్యావతి పైకి చెప్పలేదు గానీ, వారం మొత్తంలో ఆమెకు నచ్చిన రోజు అదే. పిల్లలు కూడా దాని ఉపయోగం త్వరగానే కనిపెట్టారు. ఒక బేస్తారం బెల్లం డబ్బా ఖాళీ అయింది. ఎవరు తిన్నారని ఆమె అడిగితే ప్రహ్లాద్ చేతులు కట్టుకుని, ఎంతో విచారంగా, “నో ఇంగ్లీష్, మదర్,” అన్నాడు.

శ్రావణంలో ఒక బేస్తారం మేక వచ్చింది.

ఆ రోజు బొంబాయి నుంచి కంపెనీ పెద్దసాహెబు ఆఫీసుకు వస్తున్నాడని సదాశివ తన నల్ల షేర్వానీకి ఇస్త్రీ చేయించి వరండాలో తీగ మీద వేసుకున్నాడు. తీగకు వీపు పెట్టి కూర్చుని పాఠం చెబుతున్నాడు. పక్క ఇంట్లో ఉండే పోశవ్వ మేక తలుపు సందులోంచి దూరి, తీగ దగ్గరికి వచ్చి, షేర్వానీని పైనుంచి కిందికి చూసి, దాని ఎడమ చేతి నుంచి నమలడం మొదలుపెట్టింది.

ప్రహ్లాద్ చూశాడు. నోరు తెరిచాడు. వారం గుర్తొచ్చి మూశాడు. మళ్లీ ఆలోచించి తెరిచాడు.

“ఫాదర్. గోట్ కమ్.”

సదాశివ మొహం వెలిగిపోయింది. కొడుకు నోటి వెంట సొంతంగా వచ్చిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది.

“కమ్స్,” అన్నాడు వేలు ఎత్తి. “గోట్ కమ్స్.”

“గోట్ కమ్స్,” అన్నాడు ప్రహ్లాద్. ఒక్క క్షణం ఆగి, “షేర్వానీ గోస్,” అన్నాడు.

“శాభాష్! ఇగో, ఇన్నవా?” సదాశివ వంటింటి వైపు కేక వేశాడు, ఆనందంలో తన శాసనం తానే మరిచి. “రెండు వాక్యాలు చెప్పిండు! రెండోదాంట్ల ‘గోస్’ అని తనంతట తనే పెట్టిండు!”

“బాపూ, మేక నీ షేర్వానీ తింటుంది,” అంది అహల్య.

“ఇంగ్లీషుల చెప్పు బిడ్డా.”

విద్యావతి గరిటెతో బయటికి వచ్చేసరికి మేక మోచేతి దాకా పోయింది. ఆమె అరిచిన అరుపు ఏ భాషకూ చెందదు. మేకకు మాత్రం అర్థమైంది. గుండీ ఒకటి నోట్లో పెట్టుకునే పరుగెత్తింది.

వెనకే పోశవ్వ లబలబలాడుతూ వచ్చింది. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. ఆమె భర్త గట్టయ్య స్టేషన్లో హమాలీ.

“అయ్యో సారూ! దాని కాళ్లిరగ! గింత మంచి కోటు…”

సదాశివ పెద్దసాహెబు సంగతి మరిచి, ఒంటి చేతి షేర్వానీ పట్టుకుని నవ్వుతున్నాడు. “పోనీ పోశవ్వా. మీ మేక పుణ్యాన నా కొడుక్కు ఇంగ్లీషొచ్చింది,” అన్నాడు.

ఈ మాట అనకుండా ఉంటే అతని బడి ఎట్లా ఉండేదో చెప్పలేం. అన్నాడు. పోశవ్వ ఆ మాట పంపు దగ్గర చెప్పింది. పంపు దగ్గర నుంచి అది సందు చివరి దాకా పోయింది. మర్నాడు తెల్లవారగానే పోశవ్వ తన ముగ్గురు పిల్లలను స్నానాలు చేయించి, తలలకు నూనె దట్టంగా పెట్టి తీసుకొచ్చింది. వెనక మేక కూడా ఉంది.

“ఇదెందుకు పోశవ్వా?” అంది విద్యావతి.

“ఏమో అక్కా, సార్‌కు పాఠం చెప్పనీకె గావాల్నేమో అని.”

మేకను పంపించారు గానీ పిల్లలను పంపలేకపోయారు. ఆ వెంట చెప్పులు కుట్టే బిచ్చయ్య పిల్లలు వచ్చారు. వాళ్లను చూసి ఎదురింటి పిల్లలు, వాళ్లకు చుట్టమై వచ్చిన పిల్లలు. వానలు ముదిరేసరికి వరండా చాలక నడవలో, నడవ చాలక వంటింటి గడప మీద కూర్చున్నారు. ఒకడు ఎప్పుడూ ఉట్టి కిందే కూర్చునేవాడు. వాడికి చదువు రాలేదు గానీ పెరుగు తగ్గుతూ వచ్చింది.

సదాశివ ఒళ్లు మరిచిపోయాడు. పొద్దున్నే గంట కొట్టి, హాజరు పిలిచి, ఒక పాఠం అంటించి తొమ్మిదిన్నరకు ఛత్రీ పట్టుకుని గన్‌ఫౌండ్రీ వెళ్లిపోయేవాడు. అక్కడి నుంచి దీపాల వేళ దాకా బడి విద్యావతిది. భర్త సందు మలుపు తిరగ్గానే ఆమె వారాలన్నీ పక్కన పెట్టి తెలుగులోనే అక్షరాలు దిద్దించేది. ఒక చేత్తో పలకలు, ఒక చేత్తో పప్పు. పప్పు మాడేది. గొంతు పోయింది. శంకరమ్మ విసనకర్ర తిరగేసి పట్టుకుని క్లాసు లీడరై కూర్చుంది. తనకు రాని అక్షరం ఇంకెవరికైనా వస్తే ఒప్పుకునేది కాదు.

అందరికంటే కష్టం ప్రహ్లాద్‌కూ అహల్యకూ వచ్చింది. సారు పిల్లలు గనుక వాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టాడు సదాశివ, పక్షపాతం ఉందని ఎవరూ అనకూడదని. అల్లరి ఎవరు చేసినా ముందు ప్రహ్లాద్ నిలబడాలి. మధ్యాహ్నం అహల్య పడుకునే మూల బిచ్చయ్య పిల్లల పాలైంది. ఒక రోజు ప్రహ్లాద్ తల్లి దగ్గరికి వచ్చి, “అమ్మా, మనింట్ల మనకు జాగ లేదు,” అన్నాడు. తిరిగి తన జాగా చూసుకునేలోపు అందులో ఇంకొకడు కూర్చున్నాడు.

ఆ రాత్రి అన్నాలప్పుడు విద్యావతి బొంగురు గొంతుతోనే కదిపింది. “బడిల పిల్లలు ఎక్కువుంటరు, మన పిల్లలను చూసేటోళ్లు ఉండరు అంటిరి గద. ఇప్పుడు ఏమైంది మరి?”

“దసరా దాక అన్నవు నువ్వే,” అన్నాడు సదాశివ. “గేటుకు బోర్డు రాయిద్దామనుకుంటున్న. ‘సదాశివ చతుర్భాషా పాఠశాల’ అని. ఎట్లుంటది?”

అతను అంత సంతోషంగా ఉండటం ఆమె పెళ్లయ్యాక చూడలేదు. ఆఫీసులో తప్పులు దిద్దించుకుని వచ్చే మనిషి, ఇంట్లో తప్పులు దిద్దుతున్నాడు. ఆమె ‘దసరా ఎంతో దూరం లేదులే’ అనుకుని మజ్జిగ పోసింది.

దసరా దాకా కూడా ఆగాల్సిన పని లేకపోయింది. భాద్రపదంలో ఒక బుధవారం సదాశివ యథాప్రకారం హాజరు పిలిచాడు. “ప్రహ్లాద్!” అంటే నాలుగు మూలల నుంచి “హాజిర్ జీ!” అని వచ్చింది. “అహల్యా!” అంటే అంతకంటే ఎక్కువ వచ్చాయి. పిల్లల ఉత్సాహానికి మురిసిపోయి అతను ఆఫీసుకు వెళ్లాడు. విద్యావతి మధ్యాహ్నం అన్నం పెట్టబోతే తన పిల్లలు కనిపించలేదు. అన్ని తలల్లో తన రెండు తలలు వెతకడానికే చాలాసేపు పట్టింది. లేవు.

పోశవ్వను పిల్లలకు కాపలా పెట్టి పరుగెత్తింది. స్టేషన్లో గట్టయ్య నెత్తిన పెట్టెతోనే ప్లాట్‌ఫారం ఆ చివరి దాకా చూసి వచ్చి లేరన్నాడు. ఆమె అక్కడి నుంచి తిన్నగా గన్‌ఫౌండ్రీకి పోయి ఆఫీసు మెట్ల మీది నుంచే పిలిచింది. సదాశివ కలం చెవిలో పెట్టుకునే బయటికి వచ్చాడు. దర్జీ అతుకు వేసిన షేర్వానీ ఎడమ చెయ్యి కుడి చెయ్యి కంటే రంగు తక్కువ. ఇద్దరూ అబిడ్స్ రోడ్డు పొడుగునా అడిగిన దుకాణం అడగకుండా అడుగుతూ పోయారు. మిఠాయి దుకాణం ముందు లేరు. సినిమా బొమ్మల ముందు లేరు.

పక్క సందులో పెంకుటింట్లో ఒక చిన్న బడి ఉంది. దాని ముందు నుంచి పోతుంటే లోపల పిల్లలంతా ఒక్క గొంతుతో ఎక్కం చెబుతున్నారు. ఎక్కం అయిపోయాక ఒక్క గొంతు మాత్రం ఆగి, “జీ!” అంది.

విద్యావతి గుమ్మంలోకి దూసుకుపోయింది. మొదటి తరగతిలో కిటికీ పక్క ప్రహ్లాద్ కూర్చుని ఉన్నాడు. అహల్య పెద్ద టీచరు కుర్చీ పక్కన చాప మీద, టీచరు కొంగు నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది.

“మీ పిల్లలా?” అంది ఆ టీచరు. పేరు జయమ్మ. నెరిసిన జుట్టు, నిదానమైన మనిషి. కొంగు లాక్కోకుండా కూర్చునే మాట్లాడింది. “పొద్దుగాల్నే వచ్చి నా ముందట నిలబడ్డరు, భర్తీ చేసుకోమని. మీ ఇల్లెక్కడంటే చెప్తలేరు. చెప్తే తోలిస్తరన్నడు. ఎవలన్న రాకపోతరా అని కూసోబెట్టిన.”

“రోడ్డెట్ల దాటిన్రురా?” అంది విద్యావతి. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“పోలీసాయన చెయ్యి లేపిండమ్మా. బస్సులన్ని ఆగినయి. మాకోసమే ఆపిండు,” అన్నాడు ప్రహ్లాద్ గర్వంగా.

జయమ్మ సదాశివ వైపు తిరిగింది. “ఒకటి అడుగుత, ఏమనుకోకండ్రి. మీ ఇంటి భాష ఏందని అడిగిన. ‘ఇయ్యాల ఏ వారం మేడమ్’ అన్నడు. బుధారం అన్న. ‘అయితే హిందీ జీ’ అన్నడు. ఏంది గది?”

సదాశివ చెవిలోని కలం తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

“మరి ఇల్లు ఇడిచి ఎందుకొచ్చిన్రు అంటే,” జయమ్మ నవ్వు ఆపుకుంది, “‘మా ఇంట్ల పిల్లలు శానా మంది అయిన్రు మేడమ్, గీడ జర తక్కువున్నరు’ అన్నడు.”

సదాశివ వెళ్లి కొడుకు పక్కన చిన్న బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. “నేను చెప్పేది మంచిగ లేదారా?” అన్నాడు మెల్లగా.

“మంచిగనే ఉంది బాపూ. గని నువ్వు సారువైనంక ఇంటికి బాపు వస్తలేడు.”

సదాశివ చెవిలోని కలం తీసి జేబులో పెట్టుకున్నాడు. విద్యావతికి అతని భుజం మీద చెయ్యి వేయాలనిపించింది గానీ పరాయి చోటు. షేర్వానీ అతుకు చేతికి అంటిన దారప్పోగు ఒకటి తీసి పారేసింది.

“సరే, రాసుకుంట మరి,” అని జయమ్మ కలం సిరాలో ముంచింది. “ఏ భాషల చదువు కావాలె?”

అక్కడ మళ్లీ మొదలైంది. సదాశివ లేచి నిలబడి ఇరానీ హోటల్లో విన్నదంతా చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగు రాష్ట్రం వస్తే ఒక తీరు, రాకపోతే ఒక తీరు. ఢిల్లీ ఏమంటుంది, బొంబాయి ఏమంటుంది. జయమ్మ కలం ఆరిపోయింది. మళ్లీ ముంచింది. మళ్లీ ఆరింది.

“తెలుగు రాసుకోండ్రి మేడమ్,” అంది విద్యావతి.

గదిలో పిల్లలు కూడా ఆమె వైపు చూశారు. భర్త మాట్లాడుతుండగా పదిమందిలో ఆమె అడ్డు రావడం అదే మొదలు. ఆమెకే ఆశ్చర్యమైంది. అయినా ఆగలేదు.

“తడిసినా, దెబ్బ తగిలినా, ఆకలైనా గా భాషల్నే ఏడుస్తరు. గదే ముందు సక్కగ రానీయుండ్రి. తక్కినయి అవే వస్తయి. అబిడ్స్ల తిరిగే కుక్కలకు గూడ నాలుగు భాషలొస్తయి.”

సదాశివ నోరు తెరిచాడు. ఏదో భాషలో ఏదో అనబోయాడు. చివరికి, “ఔ, గట్లనే,” అన్నాడు.

సందులో పిల్లల సంగతి మిగిలింది. వాళ్లను ఊరికే పంపేయడానికి విద్యావతికి మనసొప్పలేదు. పోశవ్వతోనూ బిచ్చయ్యతోనూ మాట్లాడి, ఆ సోమవారం అందరినీ వరస కట్టించి తానే జయమ్మ దగ్గరికి తీసుకుపోయింది. అబిడ్స్ రోడ్డు మీద ఆ వరస దాటుతున్నంతసేపూ డబుల్ డెక్కర్ ఒకటి ఆగే ఉంది. పై అంతస్తులోని జనం ఎవరి పెళ్లి ఊరేగింపో అనుకుని తొంగి చూశారు. ఆమెకు భయం వేయలేదు. వేయడానికి తీరిక లేదు, ఉట్టి కింద కూర్చునేవాడు అప్పటికే మిఠాయి దుకాణంలో దూరాడు.

బోర్డు రాయించే పని తప్పింది గానీ సదాశివ బడి పూర్తిగా మూతపడలేదు. “నాకింక ఒత్తులే రాలేదు. అర్ధాంతరంగ ఎట్ల బంద్ పెడతవురా?” అని శంకరమ్మ కొడుకును నిలదీసింది. రోజూ పొద్దున ఆవిడ ఒక్కతే వరండాలో కూర్చునేది. తప్పు రాస్తే అతను గదమాయించడానికి లేదు, ఒప్పు రాస్తే ఆవిడ నమ్మేది కాదు. ఆఫీసుకు వెళ్లేసరికి సదాశివ అలసిపోయేవాడు.

సాయంత్రాలు మాత్రం తీరిక దొరికింది. అతను షేర్వానీ విప్పి, అహల్యను ఒళ్లో వేసుకుని, కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఇయ్యాల బడిల ఏం చెప్పిన్రు?” అని ఆశగా అడిగేవాడు.

“ఇంటికాడ బాపులు చదువు గురించి అడగొద్దని మేడమ్ చెప్పింది,” అన్నాడు ప్రహ్లాద్ ఒక రోజు, కళ్లు ఆర్పకుండా.

“గట్ల చెప్పిందా? ఎందుకట?”

“పిల్లలు అలిసిపోతరట. సాయంత్రం పూట బాపులు గుర్రం కావాలెనట.”

సదాశివ ఆ మాట చాలాసేపు ఆలోచించాడు. జయమ్మ అనుభవం ఉన్న మనిషి, ఊరికే అనదు. అహల్యను ఒళ్లోంచి దింపి, ధోవతి ఎగ్గట్టి, చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించాడు.

వంటింట్లోంచి చూస్తున్న విద్యావతి ఆ పూటే బడి దగ్గర జయమ్మతో మాట్లాడి వచ్చింది. ఆవిడ అట్లాంటి మాట ఏదీ అనలేదని ఆమెకు బాగా తెలుసు. చెప్పలేదు. తొక్కు వేరే గిన్నెలోకి తీసుకుంటూ నవ్వుకుంది.